ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు

సల్మాబాద్ క్యాంపుల, పదకొండో నంబరు రూముల
నన్ను రైటర్ అనేటోళ్లు.
పదో తరగతి తప్పినోణ్ణి,
కానీ చేతిరాత గుండ్రంగుంటది.
శుక్రారం పొద్దుగాల మంచం మీద
అట్టపెట్టె బోర్లేస్తే అదే నా ఆఫీసు.

'నేనిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను.'
ఈ ఒక్క ముక్క ఎన్ని వేలసార్లు రాసిన్నో
నా బొటనేలు కాయకే తెలుసు.
మిగతాది వాళ్లు చెప్పేటోళ్లు,
సగం చెప్పి ఆగేటోళ్లు.
ఆగిన కాడ నేను చుక్కలు పెట్టేటోణ్ణి.
కూలి ఒక చాయ, రెండు సిగరెట్లు.

తర్వాత ఫోన్లొచ్చినయ్.
ముందుగాల కార్డు గీకే ఫోన్లు,
గీకి గీకి అందరి గోళ్లల్ల వెండి పొడి.
ఎనుక అద్దం ఫోన్లు.
చీకటి రూముల ఎనిమిది మంచాలు, ఎనిమిది వెలుగులు.
పోశెట్టి బిడ్డ ఆడ బువ్వ తింటాంటే
ఈడ పోశెట్టి నోరు కదిలేది.
నా కలం ఎండింది.
నేనేం బాధపడలే.
అబద్ధమెందుకు, కొంచెం పడ్డ.

మల్లొక శుక్రారం లింబాద్రి వచ్చి
మంచం అంచున కూసున్నడు, గదే పాత తీరుగ.
'రైటరన్నా, ఇగ జీతం యాప్‌లనే పడుతదట.
పాస్‌వర్డ్ అడుగుతాంది.
ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు కావాల్నట.'
ఏం పెడదామన్న.
చానసేపు గోడ దిక్కు చూసి
అమ్ముకున్న బర్రె పేరు చెప్పిండు.

ఉత్తరాల నోటుబుక్కు ఎనుక నుంచి తెరిచిన.
ముత్తెన్నది, మూడు దినాలు బతికిన పిల్ల పేరు.
హైదర్ భాయ్‌ది, ఊరిడిసిన నాడెక్కిన
కోరుట్ల బస్సు నంబరు.
రాజేశంది ఆడపేరే, పెండ్లాం పేరైతే కాదు.
నేనడగలే, ఆయన చెప్పలే.
పెద్దక్షరం మటుకు ఆ పేరుకే పెట్టిన.
పోశెట్టిది అప్పు అంకె.
తీరి ఏడేండ్లాయె, మార్చుదామా అంటే
'ఉండనీ అన్నా, అదొక్కటి మర్చిపోను' అన్నడు.

ఉత్తరాల్ల ఎన్నడు రాయించని మాటలు
ఒక్కొక్కటిగ నా దగ్గరికొచ్చినయ్.
తెర మీద మాత్రం అన్నీ నల్లచుక్కలే,
వాళ్లు ఆగిన కాడ
నేను పెడుతూ వచ్చినట్టి చుక్కలే.

అందరియి రాసిన, నాది రాసుకోలే.
మొన్న ఫోను బకిట్ల పడ్డది.
కొత్తది నన్ను గుర్తుపట్టలే.
ముఖం చూపిస్తే నువ్వు కాదన్నది,
ఏలు పెడితే నువ్వు కాదన్నది,
ఆఖరికి ఒక్క సవాలడిగింది:
మీ అమ్మ పుట్టింటి పేరేమిటి?

ఇరవై ఆరేండ్లల్ల
అర్బాబ్ అడగని మాట,
వీసా కిటికీల కూసున్నోడు అడగని మాట.
నేను సుత అడగలే.
అమ్మకు అన్నదమ్ముల్లేరు.
ఆమెకు ఇంకో ఇంటిపేరుండెనని
ఆమె ఉన్నన్నొద్దులు తోచనే లేదు.

ఈడ రాత్రి ఒంటిగంట, ఆడ మూడున్నర.
మోర్తాడ్ల చిన్నమ్మను లేపిన.
'ఎవలు సచ్చిండ్రురా' అన్నది.
'ఎవల్లేదు చిన్నమ్మా, మీ పుట్టింటి పేరేంది?'
సప్పుడు లేదు.
పంకా తిరుగుడు ఇనవడుతాంది.
'పెండ్లైనంక ఆ పేరు పిలిచినోడు లేడు బిడ్డా,
సుంకేటోళ్లం' అన్నది.
ఇంకోసారన్నది, తన కోసం.

కొట్టిన. తప్పన్నది.
పెద్దక్షరంతోటి కొట్టిన. తప్పన్నది.
అప్పుడు యాదికొచ్చింది:
ఆనాడు దుకాణపోడు తొందర పెడితే
ఆ గడిల ఏదో ఒకటి నింపిన.

ఇగ ఆ తలుపు తెరుసుకోదు.
పదకొండేండ్ల ఫోటోలు అండ్లనే.
చిన్నమ్మకు మల్ల నిద్ర పట్టలేదట.

నోటుబుక్కుల మిగిలిన పేజీల
అమ్మ పేరు రాసి
దాని ముందట సుంకేట అని రాసిన.
తెలుగుల పెద్దక్షరాలుండయి.
గుండ్రంగ రాసిన.